కంటిచుక్కల కాగితం

ఏటిగట్టు ఆశ్రమంలో విభాకర్‌కు ఒకటే దిగులు. తనకు చేతకాని పని ఇంతవరకు అక్కడ ఎవరూ చెప్పలేదు.

ఎం.టెక్. చదివి, పట్నంలో కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం వదులుకుని నిర్మమానందస్వామి దగ్గర చేరాడు. ఉద్యోగం వదిలాడు గాని, ఆ సంగతి చెప్పడం వదల్లేదు. గోశాలలో పేడ ఎత్తుతూ కూడా ఒకసారి చెప్పాడట. ఆవు శ్రద్ధగానే విన్నదని తోటి శిష్యులు అంటారు.

ఆ ఏడు ఆశ్రమంలో కంటి ఆపరేషన్ల శిబిరం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళకు శుక్లాలు తీశారు. నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని అందరూ ఇళ్ళకు బయల్దేరే రోజు వచ్చింది. ఏ చుక్కలు ఎప్పుడు వేసుకోవాలో, ఏమేం చేయకూడదో రాసిన కాగితం ఒక్కొక్కరి చేతిలో పెట్టి మరీ బస్సెక్కించమని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. చుక్కలు మరిచినా, కన్ను నలిపినా, వచ్చిన చూపు కాస్తా పోతుందని హెచ్చరించింది కూడా.

ఆ పని విభాకర్ అడిగి తీసుకున్నాడు. బస్సు కదిలేలోగా అందరి చేతుల్లోనూ కాగితాలుంటాయని భోజనాల పంక్తిలో అందరూ వినేట్టు చెప్పాడు.

తీరా చూస్తే ఆఫీసు గదిలో ప్రింటరు మొరాయించింది. పూర్తిగా ఆగిపోయినా బాగుండేది. అది ఒక గీత గీసి ఆలోచిస్తుంది, ఇంకో గీత గీసి నిట్టూరుస్తుంది. మొదటి కాగితం బయటపడేసరికి వాకిట్లో బస్సు డ్రైవరు టీ తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ టీ పోయించుకున్నాడు.

విభాకర్ వైరు పీకి పెట్టాడు. ప్రింటరు ఆపి మళ్ళీ వేశాడు. ప్రింటు వరుసలో ఇరుక్కున్న పాత ఫైళ్ళన్నీ తుడిచేశాడు. సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది ఎక్కించాడు. ఇంకు చూశాడు, కాగితాల దొంతర విదిలించాడు, చివరికి తప్పంతా ఆశ్రమం కరెంటుదని తేల్చాడు. తను తయారుచేసిన కాగితం వంక మాత్రం చూడలేదు. తను చేసినదాంట్లో చూడ్డానికి ఏముంటుంది?

స్వామి గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడిగారు.

"ఇది పాతది స్వామీ. నా ఫైలును మోయలేకపోతోంది."

"అంత బరువా?" అంటూ స్వామి ఆ ఒక్క కాగితం చేతిలోకి తీసుకున్నారు.

చుట్టూ బంగారురంగు తామరతీగ. కాగితం నిండా చిరునవ్వుతో స్వామి. గడ్డంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. ఆ గడ్డం నడుమ ఎక్కడో కంటిచుక్కలు. మీ ముఖం మసకబారకూడదని బొమ్మకు ఉన్నవాటిలోకెల్లా పై నాణ్యత పెట్టానని విభాకర్ కొంచెం వంగి, బోలెడంత పొంగి చెప్పాడు.

స్వామి వరండాలోకి వెళ్ళి, వరుసలో ముందు కూర్చున్న ఓబులమ్మవ్వ చేతిలో ఆ కాగితం పెట్టారు. విభాకర్ వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, మెచ్చుకోలు వినడానికి.

అవ్వ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "మా సామి" అంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు చేతులా కాగితమెత్తి కళ్ళకద్దుకోబోయింది.

స్వామి ఆమె మణికట్టు పట్టుకున్నారు. కాగితం రెప్పవెంట్రుకల దగ్గర ఆగింది.

కంటికి ఏదీ తగలనివ్వకూడదు. ఆ మాట ఆ కాగితం మీదే ఉంది, గడ్డం కింద.

స్వామి కాగితం మెల్లగా తీసుకుని, అవ్వ కళ్ళజోడు సరిచేసి, శిష్యుడి వైపు తిరిగారు.

"నన్ను తీసెయ్, విభాకరా."

"మిమ్మల్ని తీసెయ్యడానికి నాకు చేతులెలా వస్తాయి స్వామీ?"

"రెండూ అక్కర్లేదు నాయనా. మౌసు పట్టుకునే చెయ్యి చాలు."

విభాకర్ స్వామిని తీసేశాడు. స్వామి లేని తామరతీగ దిక్కులేనిదానిలా కనిపించి, దాన్నీ తీసేశాడు. నొక్కాడు. అంతసేపూ మూలిగిన ప్రింటరు కాగితాలను పేలాల్లా ఎగరేయడం మొదలుపెట్టింది. బయట డ్రైవరు గ్లాసు కింద పెట్టి బస్సెక్కాడు.

విభాకర్ ఛాతీ మళ్ళీ యథాస్థానానికి, అంటే ఒక జానెడు ముందుకు వచ్చింది. యంత్రాన్ని మొత్తానికి దారికి తెచ్చానంటూ పైనున్న కాగితం తీసి స్వామి చేతికిచ్చాడు.

స్వామి పైనుంచి మొదలుపెట్టి, మొదటిసారి చూస్తున్నవాడిలా ఒక్కో మాటా వేలుపెట్టి చదివారు. పొద్దున వేసుకునే చుక్కలు. రాత్రి వేసుకునేవి. తలస్నానం వద్దు. వేలు అట్టడుగుకు వచ్చి ఆగింది. అక్కడ ఎర్రటి అక్షరాలతో ఇలా ఉంది: రూపకల్పన, విభాకర్, ఎం.టెక్.

"ఈ మందు రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలి నాయనా?"

బయట బస్సు హారను మోగింది. విభాకర్ ప్రింటరు ఆపి, మళ్ళీ మౌసు పట్టుకున్నాడు.

బస్సు కదిలేసరికి అందరి ఒళ్ళోనూ కాగితాలున్నాయి. ఎవరూ వాటిని కళ్ళకద్దుకోలేదు.