పళ్ళేనికి వల చుట్టం

అనగనగా ఒక పెద్ద చెరువు. అటు గట్టున ఒక రాజు, ఇటు గట్టున ఒక రాజు. ఏటా ఒకసారి ఇద్దరి మనుషులూ విసిరే పందెం వేసుకునేవారు. ఎవరి విసురు దూరం పోతే ఆ ఏడాది చేపలన్నీ వాళ్ళవి. ఏం విసరాలో చెప్పే హక్కు మాత్రం నిరుడు ఓడినవాళ్ళది.

ఎప్పుడూ బల్లెమే విసిరేవారు. ఇటు గట్టు సేనాపతి రణమల్లుడు ఏటా గెలిచేవాడు. ఓడి ఓడి విసిగిపోయిన అటు గట్టు రాజు ఈసారి ఒక కంచు పళ్ళెం తెచ్చాడు.

"దీన్ని విసరాలి. పక్షానికి మూడు విసుర్లు."

"బల్లెం విసిరే చేతికి పళ్ళెం ఒక లెక్కా!" అని రణమల్లుడు మీసం దువ్వాడు.

అటు గట్టువాడు నడుం తిప్పి విసిరాడు. పళ్ళెం గాలిలో తేలుతూ పోయి పడింది. అతని మూడు విసుర్లలో అన్నిటికన్నా దూరం పోయింది అదే. అక్కడ జెండా పాతారు.

రణమల్లుడు పరుగెత్తుకొచ్చి, బల్లెం విసిరినట్టే భుజం మీంచి విసిరాడు. పళ్ళెం పల్టీలు కొట్టి పది అడుగుల్లో బోర్లా పడింది. పాపం, మీసం దువ్విన చేత్తోనే ముఖం కప్పుకున్నాడు.

చెరువు చేజారితే ఇటు గట్టు బెస్తవాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. వాళ్ళలోంచి నూకాలు అనే ఆమె ముందుకొచ్చింది.

"మారాజా, ఇది బల్లేనికి చుట్టం కాదు, మా వలకి చుట్టం. నన్ను ఇసరనీండి."

"వల మెత్తన, పళ్ళెం గట్టి. చుట్టరికం ఎక్కడిదే?" అన్నాడు రణమల్లుడు.

"సేతిలో ఉన్నదాన్ని సూడకండి బాబూ, నడుం సూడండి. మేం వల ఇసిరేదీ ఇలా నడుం తిప్పే."

రాజు సరేనన్నాడు. నూకాలు నడుం తిప్పింది. పళ్ళెం చక్కగా లేచింది. కానీ విడిచే క్షణాన చెయ్యి తనంతట తానే వెనక్కి గుంజుకుంది. పళ్ళెం సగం దూరంలోనే పడింది. అటు గట్టువాళ్ళు పగలబడి నవ్వారు.

నూకాలుకి ఏడుపొచ్చింది. తన మణికట్టు చూసుకుంది. వలతాడు కట్టీ కట్టీ అక్కడ కాయ కాసింది. వల విసిరాక తాడు పట్టి లాక్కోవాలి కదా, అది ముప్పై ఏళ్ళ అలవాటు!

"ఓసి సెయ్యీ, ఇది తాడున్న వల కాదే. ఒదిలెయ్," అని చేతికి చెప్పుకుంది.

మూడో విసురు. నడుం తిరిగింది, చెయ్యి వదిలింది. పళ్ళెం జెండా దాటి, ఇంకా పది బారలు పోయి పడింది!

ఇటు గట్టంతా కేకలు. రణమల్లుడు తలపాగా తీసి, "అక్కా, ఆ నడుం తిప్పడం నాకూ నేర్పు," అన్నాడు.

"నేర్పుతాను బాబూ. ఇసిరింది నాను కాదు, మా వల!" అంది నూకాలు తలెత్తి.

నేర్చిన విద్య కొత్త పనిలోనూ అక్కరకొస్తుంది. అందులో కలిసొచ్చేది పట్టుకోవాలి, అడ్డొచ్చేది వదిలెయ్యాలి.