ఇప్పచెట్టుకు నక్క కట్టిన ధర

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి. అవి కూడా పోతే పకోడీలు నమలడం ఎలాగన్న భయం నాకూ ఉంది కాబట్టి, భూలక్ష్మీ, నేను చెప్పేదంతా నిజమని నమ్ము. నిన్న మీ ఆయన మా అరుగు మీద కూర్చుని, ఆ బిస్కట్ల కంపెనీకి ఈ ఏడు లాభం మూడింతలైందనీ, నీ గాజులు అమ్మి దాని వాటాలు కొంటాననీ చెప్పాడు. అప్పటినుంచీ నా ఒళ్ళు ఎంత మండుతోందంటే, పొద్దున కాఫీ పొయ్యి మీద పెట్టలేదు, అరచేతిలోనే కాచుకున్నాను. తిట్టుకుంటూ కూర్చోవడమెందుకు, నక్క కథ చెబుతాను విను.

మా పుట్టింటి వెనక కొండ మీద అడవి ఉండేది. అక్కడి ఇప్పచెట్లు ఎంత ఎత్తంటే, పైకొమ్మ నుంచి రాలిన పువ్వు నేలకు చేరేలోపు ఎండిపోయేది. ఎండాకాలం మొదట్లో తెల్లవారుతుండగా ఆ పూలు జలజలా రాలతాయి. తియ్యగా, కండగా ఉంటాయి. వాటికోసం అడవిలో నాలుగు కాళ్ళవీ, రెండు కాళ్ళవీ అన్నీ దిగుతాయి. అదే వాటి సంత. ఎవరు ఎవరికి ఏమివ్వాలన్నా, ఏం పుచ్చుకోవాలన్నా ఆ పూల కిందే, అందరి ఎదుటే జరగాలి. అక్కడ కుదరని బేరం మళ్ళీ వచ్చే ఏట పూలు రాలినప్పుడే. అది వాళ్ళ కట్టుబాటు.

అన్నిటికంటే పెద్ద చెట్టు జిత్తయ్య అనే నక్కది. వాడిదెలా అయిందంటావా, ఒకప్పుడు దాని మొదట్లో అందరికంటే ముందు వెళ్ళి కాలెత్తాడు. నవ్వకు, మన పట్టాలకంటే ఆ హక్కే గట్టిది, వాన కురిసినప్పుడల్లా మళ్ళీ రాస్తారు కూడా.

ఆ ఏడు ఆ చెట్టు విరగపూసింది. కొమ్మలు బరువుకి నేలను తాకి, కుందేళ్ళు పడుకుని తిన్నాయి. జిత్తయ్య కొండముచ్చు కొమ్మన్న చేత వెదురు బుట్టలు అల్లించి, పూలు నింపించి, అందరికీ కనపడేలా వరసగా పేర్పించాడు. నలభై బుట్టలు. వాటి ముందు తోక పరుచుకుని కూర్చున్నాడు, పెళ్ళికొడుకు పీట మీద కూర్చున్నట్టు.

ఆ వాసనకి ఎలుగ్గొడ్డు బూరయ్య వచ్చాడు. బూరయ్య మంచివాడే. కానీ తీపి వాసన తగిలితే మంచితనం మిగులుతుంది, బుర్ర మిగలదు. అతనికి కొండ చరియలో ఒక గుహ ఉంది, ఎంత వాన కొట్టినా లోపల చుక్క పడదు. దాని కప్పుకి తేనెపట్లు పడతాయి. భార్య తేనెమ్మ అప్పుడే ఇద్దరు పిల్లల్ని కన్నది. వాళ్ళు తల్లి వీపు మీది బొచ్చు పట్టుకుని, అక్కడినుంచే లోకాన్ని చూస్తున్నారు.

జిత్తయ్య బేరం పెట్టాడు. తను కాలెత్తిన తొలి ఏడు చెట్టు పది బుట్టలిచ్చిందట, ఇప్పుడు నలభై ఇచ్చిందట. పిల్లల తండ్రివి గనక నీకు సగం చెట్టు ఇస్తాను, బదులుగా గుహ ఇవ్వు అన్నాడు.

బూరయ్య గొంతు సవరించుకుని, గుహంటే తాతలనాటిది కదా బావా అని నసిగాడు.

"తాతలు తిన్న తేనె నీ మూతికి అంటుతుందా బావా? ఈ ఏడు నీ గుహలో ఒక్క పట్టు కూడా పట్టలేదు. ఈ ఏడు అది ఇచ్చింది ఏమీ లేదు. ఏదో మొహమాటానికి పుచ్చుకుంటున్నాను" అన్నాడు జిత్తయ్య.

విన్నావా భూలక్ష్మీ? తన చెట్టుకేమో విరగపూసిన ఏడు పెట్టి ధర, ఎదుటివాడి గుహకేమో ఎండిపోయిన ఏడు పెట్టి ధర. చెట్టు వెనక దాక్కుని విన్న నాకు కోపంతో జుట్టు నిక్కబొడుచుకుని, కొప్పు ఊడి, పిన్నులు పక్క ఊళ్ళో పడ్డాయి. పైగా వాడి బొరియ వాగు ఒడ్డున ఉంది, ఏటా వానల్లో మునుగుతుంది. గుహ వాడికి ఎందుకు కావాలో ఒక్కరైనా అడిగితేనా.

తేనెమ్మ మాత్రం మొగుడి చెవి దగ్గరకు వచ్చి, పూలు పక్షం రోజులే, వానలు నాలుగు నెలలు, పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు అని అడిగింది. బూరయ్య బుట్టల మీంచి కళ్ళు తిప్పకుండా, ఆడవాళ్ళకి వ్యాపారం తెలియదన్నాడు. ఆమె పిల్లల్ని వీపున వేసుకుని మడుగు దగ్గరికి పోయింది.

ఆ మడుగులో సింగారి అనే ముసలి గేదె ఉంటుంది. పేరు సింగారి గానీ, బురద ఎక్కడైపోయిందో గేదె ఎక్కడ మొదలైందో బ్రహ్మక్కూడా తెలియదు. ఎప్పుడో ఊరినుంచి మేతకు వచ్చి, మళ్ళీ పలుపు మొహం చూడనని అడవిలోనే ఉండిపోయింది. ఏడాదికొక దూడని కన్నది. తేనెమ్మ చెప్పిందంతా నెమరు వేస్తూ వింది. గుహ పోతే పిల్లలు వానలో తడిసిపోతారు పెద్దమ్మా అన్నాక, నెమరు ఆపి లేచింది. ఆమె లేచేసరికి మడుగు సగమైంది.

సంతలోకి వచ్చి బుట్టల్ని ఒకసారి చూసి, ఈ చెట్టు పోయినేడు ఎంత ఇచ్చిందిరా నాయనా అని జిత్తయ్యని అడిగింది. పోయింది పోయిందిగా అత్తా, ఇప్పుడెందుకు అన్నాడు వాడు.

"నీకు పోయింది. నాకు పోలేదు. కడుపుతో ఉన్నదానికి తిన్న తిండీ గుర్తుంటుంది, దొరకని తిండీ గుర్తుంటుంది. బొల్లిదూడ పుట్టిన ఏడు ఈ చెట్టు కింద కడుపు నిండి లేవలేకపోయాను. ఆ తర్వాత చుక్కదూడ ఏడు గాలివాన వచ్చి మొగ్గంతా వాగులో పోయింది. కుంటిదూడ ఏడు పురుగు పట్టింది. కవలల ఏడు సగం కడుపు. ఎర్రదూడ ఏడు ఉత్త కొమ్మలు చూసి నువ్వే ఇక్కడ కూర్చుని ఊళ పెట్టావు, నేను వినలేదనుకున్నావా?"

ఇలా పదేళ్ళ దూడల్నీ ఒక్కొక్కటిగా నిలబెట్టింది. మూడేళ్ళు నిండు కడుపు, కొన్నేళ్ళు అరకొర, మిగతావి ఉపవాసాలు.

జిత్తయ్య పళ్ళికిలించాడు. ఎంత లేదన్నా పది బుట్టలు నలభై అయ్యాయి కదా, బుట్ట కొలత ఉండగా కడుపు కొలతేమిటని జనాన్ని చూసి నవ్వాడు. నలుగురూ నవ్వారు. నలుగురు నవ్వితే నిజమైపోతుందని వాడి ధైర్యం.

సింగారి ఒక బుట్ట దగ్గరికి పోయి మూతి పెట్టింది. దూరలేదు. ముక్కు చివర మాత్రం పట్టింది.

"నా తొలి దూడ నాడు కొమ్మన్న బుట్టలో మూతి పెడితే చెవులదాకా మునిగేది. నా మొహం పెరిగిందంటావా, బుట్ట చిక్కిందంటావా?"

అందరూ కొమ్మన్న వైపు చూశారు. కొండముచ్చు చంక గోక్కుని, పైన వెదురు తగ్గిపోతోందనీ, అందుకని ఏడాదికొక వరస తక్కువ అల్లుతున్నాననీ, అయినా పేరు బుట్టే కదా అనీ గొణిగాడు. పది బుట్టలనాటి ఒక్క బుట్టలో ఈనాటివి నాలుగు పడతాయట. అంటే ఆ పది, ఈ నలభై ఒక్కటే. చెట్టు పెరగలేదు, బుట్ట తరిగింది.

"బుట్ట చిక్కినా నా కడుపు చిక్కలేదు," అంది సింగారి. "ఏ ఏటి పువ్వునైనా ఈ ఒక్క కడుపుతో కొలిచి చూడు. మంచేళ్ళూ చెడ్డేళ్ళూ ఒకే కుప్పగా పోసెయ్. పదికీ సమంగా పంచు. ఏడాదికి సగం కడుపు కూడా రాదు. అలాంటి చెట్టులో సగానికి గుహ ఇస్తారట్రా? గుహ వాకిట్లో, చూరు కింద, నువ్వు వానల్లో తడవకుండా పడుకునే చోటు ఇస్తారు. అదీ దాని ధర."

ముసలిదానికి చాదస్తం పట్టిందన్నాడు జిత్తయ్య. వాడికి నిజంగానే కోపమొచ్చింది, ఎందుకంటే వానల మాట ఆమె ఎత్తింది. "గడిచిన ఏళ్ళు చచ్చిన ఈగలు. వాటిని లెక్కపెట్టుకునే వాళ్ళు పెట్టుకోండి. ఈ ఏడు ఏం ఇచ్చిందో అదే ధర."

"చెట్టుకేనా, గుహకి కూడానా?"

"దేనికైనా."

"ఈ సంతకేనా, ఏ సంతకైనా?"

"ఏ సంతకైనా," అన్నాడు వాడు, తల ఎగరేస్తూ.

"అందరూ విన్నారుగా," అని సింగారి మళ్ళీ నెమరు మొదలుపెట్టింది.

బూరయ్యకి బుట్టలూ కనిపిస్తున్నాయి, తేనెమ్మ వీపు మీద పిల్లలూ కనిపిస్తున్నారు. తల గోక్కుని గోక్కుని, చివరికి జీవితంలో మొదటిసారి ఒక తెలివైన ప్రశ్న అడిగాడు. వచ్చే ఏడు నలభై బుట్టలు రాకపోతే తక్కువైనవి నువ్వు నింపుతావా బావా అని.

"చెట్టు పూయకపోతే దానికి నేను పూచీనా?" అన్నాడు జిత్తయ్య.

అంతే. ఆ మాటతో బూరయ్య ముక్కులోంచి ఇప్పపూల వాసన దిగిపోయింది. నీకే పూచీ లేని చెట్టుకి నా పిల్లల పడక ఎందుకివ్వాలని, వాకిట్లో చోటు కావాలంటే రమ్మనీ, లేకపోతే లేదనీ చెప్పి వెనక్కి తిరిగాడు. జిత్తయ్య బుట్టలు తన్నుకుంటూ, వచ్చే ఏడు ఎనభై బుట్టలు పూస్తుందనీ, అప్పుడు గుహతోపాటు నీ బొచ్చు కూడా అడుగుతాననీ అరుచుకుంటూ పోయాడు.

ఆ ఏటి వానలు ఎలా కురిశాయంటే, చేపలు చెట్లెక్కి పక్షిగూళ్ళలో కాపురం పెట్టాయి. జిత్తయ్య బొరియలోకి వాగు అతిథిలా వచ్చి, యజమానిలా కూర్చుంది. వాడు నాలుగు నెలలూ ఒక బండ మీద, తోక నెత్తిన కప్పుకుని, తుమ్ముతూ గడిపాడు. ఒక్కో తుమ్ముకి అవతలి కొండ కాస్త జరిగేది. గుహలో ఎలుగు పిల్లలు పొడిగా పడుకుని ఆ తుమ్ములకి తాళం వేసేవారు.

మళ్ళీ పూలు రాలే రోజులు వచ్చాయి. నిరుడు అంత పూసిన చెట్టు అలిసిపోయింది. ఈసారి మూడంటే మూడు పువ్వులు రాల్చింది. అందులో ఒకటి చీమ ఎత్తుకుపోయింది. గుహలోనేమో తేనెటీగలు తిరిగొచ్చి, కప్పు కనపడకుండా పట్లు పెట్టాయి.

జిత్తయ్య వచ్చాడు. తోక పరచలేదు, కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సగం చెట్టు తీసుకుని వాకిట్లో చోటిమ్మని తేనెమ్మనే అడిగాడు, అక్కయ్యా అని కూడా అన్నాడు. ఆమె సింగారి వైపు చూసింది.

"నీ కొలత ప్రకారమే కానిద్దాం నాయనా," అంది సింగారి. "ఈ ఏడు చెట్టు ఇచ్చింది రెండు పువ్వులు. సగమంటే ఒకటి. గుహ ఇచ్చిన తేనెకి కొమ్మన్న దగ్గర బుట్టలే చాలలేదు. ఒక్క పువ్వు తీసుకుని నీకు వాకిలి ఎలా ఇవ్వమంటావు?"

జిత్తయ్య నేల మీద కూలబడ్డాడు. "అదేమిటత్తా, చెట్టన్నాక ఒక ఏడు పూస్తుంది, ఒక ఏడు అలుస్తుంది. ఒక్క ఏడు చూసి ధర కడతారా ఎవరైనా? పదేళ్ళూ చూడాలి గాని."

సంతంతా పకపకా నవ్వింది. ఆ నవ్వుకి, చెట్టు మీద దాచుకున్న నాలుగో పువ్వు కూడా రాలిపోయింది. తనదాకా వస్తేగాని తత్వం తెలియదని ఊరికే అన్నారా.

పదేళ్ళూ ఏమిటో నువ్వే చెప్పమంది సింగారి. చెప్పాడు. బొల్లిదూడ ఏడు, గాలివాన ఏడు, పురుగు ఏడు, తను ఊళ పెట్టిన ఏడు కూడా, ఒక్కటి మింగకుండా అందరి ఎదుటా అప్పజెప్పాడు. ఆమె దూడల పేర్లు వాడికి అంత బాగా తెలుసని అప్పటిదాకా ఆమెకీ తెలియదు.

అప్పుడు తేనెమ్మ, నిరుడు పెద్దమ్మ చెప్పిన ధరే ధర, వాకిట్లో పడుకో అంది.

బూరయ్యకి ఇది మింగుడు పడలేదు. వాడి మాట ప్రకారమే ఒక్క పువ్వు ధరకి వచ్చే సగం చెట్టుకి వాకిట్లో చోటు ఇచ్చేశావేమే అని సణిగాడు.

"ఒక్క పువ్వు ధరకి తీసుకుంటే మనం కూడా ఒక్క ఏడే చూసినట్టు కదండీ. మళ్ళీ పూసే చెట్టే అది," అంది తేనెమ్మ.

ఏడాది ముందు నవ్వుతూ ఇస్తామన్న చోటే, ఒక ఏడు తడిసి, తుమ్మి, పరువు పోగొట్టుకుని తీసుకున్నాడు జిత్తయ్య. ఇప్పటికీ వాన పడితే ఎలుగు పిల్లలు లోపలినుంచి, మామా పదేళ్ళూ చెప్పు అని అడుగుతారట. చెబితేగాని నిద్రపోరు. వాడు చెప్పక తప్పదు, బయట వాన.

ఒక్క ఏటి కాపు చూసి చెట్టు కొన్నవాడు, మిగతా తొమ్మిదేళ్ళూ కొమ్మలు చూస్తాడు.

ఇక లే భూలక్ష్మీ. గాజులు తీయకు. మూలమలుపు కొట్టుకి పోయి, మీ ఆయన వాటాలు కొంటానంటున్న ఆ కంపెనీదే పది రూపాయల బిస్కట్ పాకెట్టు ఒకటి పట్రా. అదే ధరకి ఎప్పుడో కొన్న దాని పాత పాకెట్టు కాగితం నా పెట్టెలో మడత పెట్టి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, మీ ఆయన మూతి ఏ పాకెట్లో పడుతుందో చూద్దాం. వచ్చేటప్పుడు ఆయన్ని కూడా వెంటబెట్టుకు రా.