గీతలో పడ్డ లంక

"మాస్టారూ, గీత ఎంత దూరం గీయమంటారండీ?" అని మల్లేశు అడిగిన రోజు నేనక్కడ లేను. జరిగిందంతా తరవాత అతనే చెప్పాడు. తనకు తలవంపులుగా ఉన్న చోట కూడా దాచుకోకుండా చెప్పాడు కాబట్టి నమ్మాను.

మాస్టారంటే సత్యానందంగారు. పేరు విని కాషాయమూ ఆశ్రమమూ ఊహించుకోకండి. గోదారి ఒడ్డున మా ఊళ్ళో ముప్పయ్యేళ్ళు ఐటీఐలో ఫ్రిజ్ రిపేరు నేర్పి రిటైరైన మనిషి. మల్లేశూ నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాం. మోకాళ్ళు అరిగిపోయాయి గాని కోపం అరగలేదు. ఏ చిక్కొచ్చినా పాత శిష్యులు ఆయన వరండాలోకొచ్చి కూర్చుంటారు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. "సంచీ తెచ్చావా?" అంటారు. పనిముట్ల సంచీ లేకుండా ఒట్టి ప్రశ్నతో వచ్చినవాణ్ణి టీ ఇచ్చి వెనక్కి పంపేస్తారు.

మల్లేశు సంచీ తెచ్చాడు. అతని చిక్కు ఇదీ. ఈమధ్య ఫోన్లలో కనబడే ప్రకటన ఒకటి వేయించాడు. తన కొట్టు చుట్టూ మ్యాప్ మీద పది కిలోమీటర్ల గుండ్రటి గీత గీశాడు. ఆ గీత లోపల ఎవరు ఫ్రిజ్ మెకానిక్ కోసం వెతికినా ముందు ఇతని ఫోటో వస్తుంది, కింద "గంటలో మీ గుమ్మంలో" అని ఉంటుంది. మూడు నెలలు ఫోన్ తెరిపివ్వకుండా మోగింది. అయితే ఆ గుండ్రంలో గోదారి కూడా పడింది, గోదారి నడుమనున్న ముత్యాలలంకా పడింది. మ్యాప్ మీద లంక నాలుగు కిలోమీటర్లే. వెళ్ళడానికి వంతెన లేదు. బళ్ళని కూడా దాటించే పంటు ఒకటుంది, అది నిండితే కదులుతుంది, నిండకపోతే లేదు. లంకవాళ్ళు ఫోన్ చేసినప్పుడు మల్లేశు రానని చెప్పలేక, "వీలు చూసుకుని వస్తానండీ" అనేవాడు. ఇది మా మెకానిక్కులందరికీ ఉన్న జబ్బే. గిరాకీకి కాదని చెప్పడం మాకు చేతకాదు.

అలా వస్తానని వెళ్ళనివాటిలో ఒకటి ఎదురు తిరిగింది. ధనకుమారి అనే ఆవిడ ఐదు స్టార్లకి ఒక్కటే ఇచ్చి, కింద రాసింది: "వస్తామన్నారు. రెండు రోజులు చూశాం. మా పాప ఇన్సులిన్ పాడైపోయింది." ఆ మాట అక్కడ పడ్డ మర్నాటి నుంచే ఫోన్లు తగ్గడం మొదలైంది.

"లంకని గీతలోంచి కొట్టేసే వీలుందండీ. కానీ రేపెప్పుడైనా వంతెన పడితే నాలుగొందల గడప పోతుందేమోనని ఆలోచన. కొట్టేయమంటారా, ఉంచమంటారా?"

మాస్టారు ఫోన్ అందుకుని, ఆవిడ రాసినది రెండుసార్లు చదివారట.

"పాపకెలా ఉంది?" అన్నారు.

మల్లేశుకి తెలియదు. ఫ్రిజ్ బాగైందో లేదో కూడా తెలియదు. మూడు రోజులుగా ఆ ఒక్క స్టార్ కేసే చూస్తున్నాడు గాని, పాప సంగతి అడగాలన్న ఆలోచనే రాలేదు.

"సంచీ తీసుకో," అన్నారు మాస్టారు, చేతికర్ర అందుకుంటూ.

అసలే రోహిణీ కార్తె. రేవులో పంటు నిండడానికి గంటంపావు పట్టింది. మాస్టారు మోకాళ్ళు పట్టుకుని పాకలో కూర్చున్నారు. మల్లేశు లేచి నిలబడతాడు, కూర్చుంటాడు, పంటు నడిపే సరంగుని అడుగుతాడు. రెండు ట్రాక్టర్లూ ఓ కొబ్బరికాయల వ్యానూ ఎక్కాక గాని అది కదల్లేదు. అవతలి ఒడ్డున దిగాక మాస్టారు, "ఏదీ, ఇక్కడ దగ్గర్లో ఫ్రిజ్ చూసేవాడెవడున్నాడో నీ ఫోన్లో వెతుకు," అన్నారు. వెతికాడు. మొట్టమొదట తన మొహమే వచ్చింది, నవ్వుతూ. కింద గంటలో మీ గుమ్మంలో. ఫోన్ జేబులో పెట్టేసుకుని ముందుకు నడిచాడు.

ధనకుమారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వసారాలో నీడపట్టున తడి ఇసక పోసిన కుండ ఉంది, దాని మీద తడిగుడ్డ. పన్నెండేళ్ళ పిల్ల పక్కనే కూర్చుని గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తోంది. ఆ పాపే, పేరు లిఖిత. కాస్త నీరసంగా ఉంది గాని బాగానే ఉంది. ఇసకలో పాతిపెట్టింది ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న కొత్త సీసా. ఆ ఎండల్లో అది ఎన్నాళ్ళు నిలుస్తుందో వాళ్ళకి తెలియదు. ఫ్రిజ్ ఇంకా పాడయ్యే ఉంది.

పేరు చెప్పగానే తిట్టిపోస్తుందని మల్లేశు అనుకున్నాడు. ఆవిడ మాస్టారికి కుర్చీ వేసి, ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది.

"మీరు రాలేదని కాదు తమ్ముడూ నా బాధ. పై లంక నుంచి ఓ పెద్దాయన ప్రతీ శుక్రవారం నాటుపడవలో సైకిలేసుకుని వస్తాడు. ఫ్రిజ్జులూ మిక్సీలూ అన్నీ చూస్తాడు. మొన్న శుక్రవారం ఇదే గుమ్మంలోకొచ్చి అడిగాడు. గంటలో వచ్చేవాళ్ళకి చెప్పేశామండీ అని నేనే పంపేశాను. మీరొచ్చేదాకా మందు చల్లగా ఉండాలని చేపల పెట్టెలో ఐసూ ఉప్పూ వేసి పెట్టాం. అది గడ్డకట్టిపోయిందంట. అలా ఐతే పనిచెయ్యదంట, మాకేం తెలుసు? కరిగించి అదే వేశాం. ఆదివారానికి పిల్ల పడిపోయింది. రానని ఒక్క మాట చెబితే ఆయన్ని ఆపుకునేదాన్ని కదా."

మల్లేశు సంచీ విప్పాడు. ఫ్రిజ్‌ని గోడ నుంచి ఇవతలికి జరిపి వెనక కూర్చున్నాడు. కంప్రెసర్‌కి ఆనుకుని, దాన్ని స్టార్ట్ చేసే రిలే మాడిపోయింది. అరచేతిలో పట్టేంత వస్తువు, సంచీలో ఎప్పుడూ నాలుగైదుంటాయి. మార్చడానికి పావుగంట పట్టింది. ఈ పావుగంట పని చెయ్యకపోబట్టే కదా పిల్ల మూడు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉంది అనుకున్నానన్నాడు. అలాంటి "వస్తానండీ"లు నేను ఎన్ని చెప్పానో నాకే లెక్క తెలియదు.

ఫ్రిజ్ ఆడింది. పిల్ల మాత్రం వెంటనే సీసా పెట్టలేదు. లోపల చెయ్యి పెట్టి చూసింది, తలుపు మూసింది, కాసేపాగి మళ్ళీ చూసింది. చాలాసేపటికి ఇసకలోంచి సీసా తీసి, పైటచెంగుతో తల్లి తుడిచి ఇస్తే, అరలో పెట్టింది. "కుండ తీసెయ్యకమ్మా, రేపటిదాకా తడుపుతూనే ఉంటాను," అంది.

"ఆ ఒక్క స్టారూ మార్చమంటారా తమ్ముడూ? ఎలా మార్చాలో మా పాపకి తెలుసు," అంది ధనకుమారి బయటికి సాగనంపుతూ. మంచి మనిషి.

"వద్దక్కా, ఉండనివ్వండి," అన్నాడు మల్లేశు.

తిరుగు పంటు ఒడ్డు వదిలాక అతను ఫోన్ తీశాడు. మ్యాప్ తెరిచి, లంకని గీతలోంచి తీసేశాడు. "కొట్టేశానండీ," అన్నాడు. మెచ్చుకుంటారని ఎక్కడో ఆశ ఉందట.

"సరే. ఇక లంకవాళ్ళు ఫోన్ చేస్తే ఎవరి నంబరిస్తావు? ఆ పెద్దాయన పేరేంటి?" అన్నారు మాస్టారు.

మల్లేశు అడగలేదు. నంబరూ తీసుకోలేదు. మళ్ళీ ఫోన్ తీసి, ఈ లంకా పై లంకా అన్నీ వెతికాడు. పంటు నడిమేటికొచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాడు.

"ఎక్కడా దొరకటం లేదండీ."

"దొరకడు. ఆయన ఏ గీతలోనూ లేడురా," అన్నారు సత్యానందంగారు నీళ్ళకేసి చూస్తూ. "రేపు శుక్రవారం. వస్తాడు."