తొంభై గ్రాముల సీసం

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద పాత మోటారుసైకిళ్ళు బాగుచేసే హుసేనప్పకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. అడిగినవాని చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. పని ముగిసేలోగా కొందరు తాము అడిగినది మరిచిపోయేవారు. అటువంటివారి ప్రశ్నను ఆయన కూడా మరిచిపోయేవాడు. వయసు డెబ్బై, చదువు మూడో తరగతి. అయినా గురువారం సాయంత్రమయ్యేసరికి ఆయన షెడ్డు ముందు బెంచీల మీద పదిమంది చేరేవారు. కొందరు మేస్త్రీ అని పిలిచేవారు, కొందరు సామీ అనేవారు. రెంటికీ ఆయన ఒకే విధంగా పలికేవాడు.

ఆ పదిమందిలో ఓబులేసు టమాటా మార్కెట్టులో తూకం వేసేవాడు. తూకంలో అతనికి మంచి పేరు. ఒక పండు ఎక్కువ పోనివ్వడు, ఒక పండు తక్కువ పడనివ్వడు. హుసేనప్ప మాటలు వినడం మొదలుపెట్టిన తర్వాత అతడు తన బతుకును కూడా తక్కెడలో పెట్టాడు. బీడీ మానేశాడు. కాఫీ మానేశాడు. సినిమాకు పోవడం, అరుగు మీద కూర్చుని లోకం ముచ్చట్లాడడం మానేశాడు. నాలుక అదుపులో ఉండాలని, ఇంట్లో వంటకు వేసే ఉప్పును సగానికి తగ్గించమన్నాడు. భార్య తగ్గించింది. పిల్లలిద్దరూ పెట్టింది తిని లేచిపోయేవారు. ఎవరూ ఒక్క మాట అనలేదు గనుక అందరికీ అది సమ్మతమేనని ఓబులేసు అనుకున్నాడు.

అనేవాడు ఒక్కడే ఉన్నాడు. అతని అన్న రెడ్డెప్ప. లారీ డ్రైవరు, పెళ్ళి చేసుకోలేదు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం తమ్ముని ఇంటికి వచ్చి భోజనానికి కూర్చునేవాడు. మొదటి ముద్దకే, "ఉప్పేదిరా దీంట్లో?" అనేవాడు. రెండో ముద్దకు, "తూకమేసి తూకమేసి నీకు మనుషులంతా తక్కువగానే కనిపిస్తా ఉండారు" అనేవాడు. పెద్దనాయన అలా అంటూ ఉంటే పిల్లలు కంచాల ముందు కిచకిచ నవ్వేవారు. అది కూడా ఓబులేసుకు నచ్చేది కాదు. అన్న వచ్చిపోయిన రోజు సాయంత్రం దాకా అతని మనసు కుదురుకునేది కాదు.

ఓబులేసుకు మామ ఇచ్చిన మోటారుసైకిలు ఒకటి ఉంది. దానికి యాభై ఏళ్ళు దాటాయి. ప్రతి పున్నమికీ హుసేనప్ప శిష్యులందరూ హార్సిలీ కొండ ఎక్కేవారు. ఘాట్ రోడ్డులో ఓబులేసు బండి ఎప్పుడూ వెనకబడేది. బండి బరువు తగ్గించాలంటే మొదట వెనక చక్రం బరువు తగ్గించుకోవాలని, నిలిచి ఉండే బరువుకంటే తిరిగే బరువు ఇంజనును ఎక్కువగా అలిసేటట్టు చేస్తుందని హుసేనప్ప చెప్పాడు. ఇద్దరూ మూడు గురువారాలు ఆ పని మీద కూర్చున్నారు. ఇనుప రిమ్ము తీసి అల్యూమినియం రిమ్ము వేశారు. దళసరి పళ్ళచక్రం మార్చి పలచనిది బిగించారు. పాత రిమ్ములో టైరు జారిపోకుండా పట్టి ఉంచే లావుపాటి బోల్టు ఒకటి ఉండేది. దాన్ని మాత్రం హుసేనప్ప కొత్త రిమ్ములో కూడా వేశాడు. చివరికి స్పోకులు సరిచేసి, "రేపు మాపటికి వచ్చి బండి తీసుకుపో" అన్నాడు.

ఓబులేసు బండి తీసుకుపోయి, చక్రం విప్పి మార్కెట్టు కాటా మీద పెట్టాడు. మూడు కేజీలు తగ్గింది. అతనికి తృప్తి కలిగింది. అప్పుడు ఒక చోట రెండు స్పోకుల చుట్టూ ఏదో చుట్టి ఉండడం కనిపించింది. బూడిద రంగు సీసం తీగ. ముందు అది లేదు. ముసలాయన స్పోకు లూజయితే తీగ చుట్టి పంపినాడేమో అనుకుని, స్పోకులు కదిలించి చూశాడు. గట్టిగానే ఉన్నాయి. ఆ సీసం చైను లాగదు, బ్రేకు పట్టదు. పని చేసేటప్పుడు దేనికో చుట్టి, విప్పడం మరిచిపోయి ఉంటాడనుకున్నాడు. కటింగ్ ప్లేయరుతో విప్పి తూచితే తొంభై గ్రాములు. మేస్త్రి కంటికి ఆనని బరువు తన కంటికి ఆనిందని ఓబులేసుకు లోలోపల కొంచెం గర్వంగా అనిపించింది.

మరుసటి గురువారం ఆ తీగను కాగితంలో చుట్టి తెచ్చి హుసేనప్ప ముందు పెట్టాడు.

"సామీ, ఇది మీరు మరిచిపోయినట్టుండారు. నేను తీసేసినా."

హుసేనప్ప తీగను చూశాడు, తర్వాత ఓబులేసును చూశాడు. ఆ చూపును మెప్పుగా తీసుకుని ఓబులేసు తన ప్రశ్న అడిగాడు.

"విడవాల్సినవన్నీ విడిచినాను సామీ. ఒకటే మిగిలింది. మా అన్న. ఆయనతో నాకు ఉపయోగం లేదు, నాతో ఆయనకు బుద్ధి రాదు. వస్తాడు, తింటాడు, ఉప్పేదని తిడతాడు. రేపు శుక్రవారం. ఇంక మా గడప తొక్కొద్దని చెప్పేద్దామని ఉండాను. తప్పా?"

"బండి తియ్యి," అన్నాడు హుసేనప్ప.

ఓబులేసు బండి స్టార్టు చేశాడు. హుసేనప్ప గోచీ సవరించుకుని వెనక ఎక్కి కూర్చున్నాడు. బెంచీ మీద ఉన్న దర్జీ సిద్ధయ్య, "మూడు కేజీలు దించడానికి మూడు వారాలు పట్టె. యాభై కేజీలు ఎక్కడానికి ఒక గడియ పట్టలేదే ఓబులేసూ" అన్నాడు. అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు.

ఊరి లోపల బండి తేలికగా పోయింది. ఊరు దాటి, దారి ఖాళీగా ఉన్న చోటికి వచ్చారు.

"పోనీ," అన్నాడు హుసేనప్ప.

నలభై దాకా బాగానే ఉంది. యాభై దాటేసరికి సీటు కింద ఏదో తట్టుతున్నట్టు అనిపించింది. గుంత అనుకున్నాడు ఓబులేసు. గుంతలు వరుసగా ఉండవు, ఇది వరుసగా తట్టుతోంది. అరవై దాటేసరికి వెనక చక్రం నేల మీద నిలవకుండా ఎగరసాగింది. హ్యాండిలు చేతుల్లో వణికింది. అద్దంలో రోడ్డు కనిపించలేదు, మసక కనిపించింది. వెనక కూర్చున్న ముసలాయన బరువు అతని వీపుకు ఒకసారి ఆనుతూ, ఒకసారి ఆనకుండా పోతూ ఉంది. ఓబులేసు మెల్లగా యాక్సిలేటరు వదిలి, రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"వచ్చే పున్నమికి కొండ దిగేటప్పుడు ఇట్ల అయితే..." అని ఆగిపోయాడు.

"నిదానంగా వెనక్కి పోనీ" అన్నాడు హుసేనప్ప.

షెడ్డులో బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టించి, చైను తప్పించమన్నాడు. ఓబులేసు తప్పించాడు.

"చక్రం తిప్పు. ఆగినాక కింద ఏ తావుందో అక్కడ సుద్దతో గీత గియ్యి."

ఓబులేసు తిప్పాడు. చక్రం తిరిగి తిరిగి, నెమ్మదించి, కొంచెం వెనక్కి ఊగి ఆగింది. గీత గీశాడు. మళ్ళీ తిప్పాడు. గీత వచ్చి కిందనే ఆగింది. పదిసార్లు తిప్పినా అదే. ఆ గీత మీదనే, టైరును పట్టి ఉంచే ఆ లావుపాటి బోల్టు ఉంది.

"ఆ బోల్టు తీసేస్తే?" అని అడిగాడు ఓబులేసు, గొంతు తగ్గించి.

"టైరు జారుతుంది. నడవాలంటే అది ఉండాల్సిందే. అది ఉండేవైపు బరువూ ఉంటుంది. మనిషికైనా అంతే."

ఓబులేసు కింద కూర్చుని గీతను, బోల్టును వేలితో తడిమి చూశాడు. బీడీ, కాఫీ, ఉప్పు, ఏది విడిచినా తాను ఎటువైపు వాలుతున్నాడో ఎన్నడూ చూసుకోలేదని అతనికి అప్పుడు తోచిందో లేదో మనకు తెలియదు. కొంతసేపటికి, ఎవరూ చెప్పకుండానే లేచాడు. కాగితంలోని సీసం తీగ తీసుకున్నాడు. గీతకు సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు స్పోకులకు దాన్ని గట్టిగా చుట్టాడు. తిప్పాడు. చక్రం ఒకసారి ఇక్కడ ఆగింది, మరోసారి అక్కడ ఆగింది. గీత ఒకసారి పైకి వచ్చింది, ఒకసారి పక్కకు పోయింది. దానికి ఇప్పుడు వాలవలసిన చోటంటూ లేదు.

"తొంభై గ్రాములు," అన్నాడు సిద్ధయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఓబులేసు చైను తగిలించి, చేతులు తుడుచుకుని, హుసేనప్ప ముందు నిలబడ్డాడు. అడిగిన ప్రశ్న అతడు మరిచిపోలేదు. హుసేనప్ప కూడా మరిచిపోలేదు.

"రేపు మీ అన్న వచ్చి, ఉప్పేది అంటాడు గదా," అన్నాడు హుసేనప్ప. "అప్పుడు వాని పక్క చూడొద్దు. నీ పిల్లోళ్ళ మొగాలు చూడు."