బల్ల మీద చోటు

షుగర్ మిషను తప్పు చూపిస్తోందని డాక్టర్ వినీలకు గట్టి నమ్మకం కుదిరింది. ఆమె పరిశోధన అంతా అరచేతిలో పట్టే ఆ మిషను మీదే నడుస్తోంది. అందుకే ఆ నెలంతా ఆమెకు మనసు మనసులో లేదు.

విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రసూతి ఆసుపత్రి అది. గర్భిణులకు వచ్చే షుగరు మీద జీవితమంతా పనిచేసిన డాక్టర్ ఇందుమతి గారు అక్కడ పెద్ద దిక్కు. వినీల ఆవిడ శిష్యురాలు. ఇందుమతి గారు చాలా తక్కువ మాట్లాడతారు. వినీల ఉన్నంతసేపూ ఆ లోటు ఎవరికీ తెలిసేది కాదు.

తన పరిశోధన వ్యాసం వినీల అప్పటికే సగం రాసేసింది. సన్నగా ఉన్నా, వయసులో ఉన్నా, ఏ ఒక్క గర్భిణినీ షుగరు పరీక్ష లేకుండా వదలకూడదన్నది అందులో మొదటి మాట. ఆ మాట దగ్గర ఎవరైనా నసిగితే వాళ్ల పని అయిపోయినట్టే.

"మేడమ్, మిషను మార్చాలి. నెల రోజులుగా ఎక్కువ చూపిస్తోంది" అంది ఆ రోజు.

"నీకెలా తెలిసింది?"

"రోజూ ఓపీ మొదలుపెట్టే ముందు నా రక్తంతోనే సరిచూస్తాను కదా. ఏ జబ్బూ లేని మనిషిని నేనున్నాను. మొదట్లో సరిగ్గానే ఉండేది. ఇప్పుడు రెండు వందలు దాటిస్తోంది."

ఇందుమతి గారు వరండా వైపు చూశారు. గ్లూకోజు నీళ్లు తాగిన గర్భిణులు బల్లల మీద వరసగా కూర్చుని ఉన్నారు.

"మరి వాళ్ల సంగతి?"

"దానికి మీరేం కంగారు పడకండి మేడమ్. నాకు ఎంత ఎక్కువ చూపిస్తే అంతా వాళ్ల అంకెలోంచి తీసేసి రాస్తున్నాను."

ఈ ఉపాయం తనకు తట్టినందుకు వినీలకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది. ఇందుమతి గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇవాళ ఎవరినైనా పంపేశావా?"

"సింహాచలమ్మని. ఆవిడకు రెండు కాన్పుల్లోనూ నెలలు నిండాక బిడ్డ కడుపులోనే పోయింది. మిషను ఎక్కువే చూపించింది. తీసేస్తే మామూలే. నీకేం లేదు, నిశ్చింతగా ఉండమని చెప్పాను. దణ్ణం పెట్టి వెళ్లింది."

ఇందుమతి గారు మిషను దగ్గరకు లాక్కుని, స్పిరిటు దూదితో తన వేలు తుడుచుకుని, సూదితో పొడుచుకున్నారు. డెబ్భై ఏళ్ల మనిషి. నూట పది. నర్సు పైడితల్లిని పిలిచి ఆమె వేలూ పొడిచారు. తొంభై ఎనిమిది.

తరవాత వినీల వైపు చెయ్యి చాపారు.

"నీ వేలు ఇవ్వు."

వినీల విసుగ్గానే ఇచ్చింది. రెండో చెయ్యి అలవాటుగా పొట్ట మీద ఉంది. ఆమెకు ఆరో నెల.

రెండు వందల పద్నాలుగు.

"చూశారా మేడమ్, నేను చెప్పలేదూ..." అంటూ ఆగిపోయింది.

ఇన్నేళ్లలో ఎందరో గర్భిణుల వేళ్లు పొడిచింది. తనూ గర్భిణేనన్న సంగతి మిషను ముందు ఒక్కసారీ తట్టలేదు. పరీక్ష చేయించుకోమని ఎవరన్నా అంటే, రోజూ చూసుకుంటూనే ఉన్నాను కదా అని నవ్వేసేది.

అంతలోనే దాన్ని మించిన భయం ఇంకొకటి పట్టుకుంది. నెల రోజులుగా వాళ్ల అంకెల్లోంచి తను తీసేసింది మిషను తప్పు కాదు. తన జబ్బు. దాన్ని తీసేసి, షుగరు ఉన్నవాళ్లకు కూడా లేదని చెప్పి ఇంటికి పంపింది.

"సింహాచలమ్మ!" అని గేటు వైపు పరుగెత్తింది.

సింహాచలమ్మ ఆటో ఎక్కి కూర్చుని ఉంది. ఆయాసపడుతూ వచ్చిన డాక్టరమ్మని చూసి బెదిరిపోయింది.

"ఏటైందమ్మా?"

వినీల ఆటో కమ్మీ పట్టుకుంది. "నీకు నేను తప్పు చెప్పాను. నీకు షుగరుంది. దిగు, మందు మొదలుపెడదాం" అంది. "నాకూ ఉంది" అంది.

ఇద్దరూ వెనక్కి వచ్చేసరికి వినీల కుర్చీలో ఇందుమతి గారు కూర్చుని ఉన్నారు.

"ఈ నెలలో వచ్చిన వాళ్లందరినీ మళ్లీ పిలవాలి మేడమ్" అంది వినీల.

"పిలుద్దాం."

వినీల తన టేబులు ముందు అలాగే నిలబడింది. ఏం చెయ్యాలో, ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియలేదు. ఇందుమతి గారు వరండా వైపు చూపించారు.

"అక్కడ చోటుంది."

వినీల వెళ్లింది. అప్పటికే అక్కడ బల్ల మీద కూర్చున్న సింహాచలమ్మ చీర కొంగు దగ్గరకు లాక్కుని కాస్త జరిగింది.

"కూకోండమ్మా. ఎన్నో నెల మీకు?"