రేకుల కుండ ముందు మంగతాయారు

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో, వాళ్ళమ్మ వీరాయమ్మతో మంగతాయారనే పిల్ల ఉండేది. ఊఁ కొట్టవే బుజ్జీ, నేనొక్కదాన్నే చెప్పుకుంటూ పోవాలా?

వీరాయమ్మ పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా ఒక్క లాగు లాగితే, కాగితం కన్నా పల్చటి రేకు! ఆ ఇంటికి అదే కూడు.

మంగతాయారుకి మాత్రం ఆ సెగ చూస్తేనే ఒళ్ళు మంట. "నా మనసుకి నచ్చిన పనే చేస్తానమ్మా" అని మొదట పూలు కట్టడానికి వెళ్ళింది. వారానికే మొహం మొత్తింది. ఆ తర్వాత చాపలు అల్లింది. నడుం నొప్పెట్టగానే మానేసింది. ఆ తర్వాత హరికథ చెప్పే దాసుగారి దగ్గర చేరింది. తాళం తప్పి నాలుగు చీవాట్లు పడేసరికి ఏడుస్తూ ఇంటికొచ్చేసింది. ఎక్కడా మనసు నిలవదాయె, ఏం చేస్తాం!

అప్పుడేమైందీ, వీరాయమ్మ చెయ్యి కాలింది. పాపం, అరచెయ్యంతా బొబ్బలు. మూడ్రోజుల్లో మునసబుగారింట పెళ్ళికి రేకులివ్వాలి. మాట తప్పితే మళ్ళీ ఎవరడుగుతారు? ఇంక వీళ్ళింట్లో పొయ్యి వెలగదు.

గతిలేక మంగతాయారు కుండ ముందు కూచుంది. మొదటిరోజు తొందరపడి మంట ఎగదోసింది. రేకులన్నీ మాడి చిల్లులు. రెండోరోజు భయపడి మంట తగ్గించింది. పిండి కుండకి అతుక్కుపోయి ఊడి రాదే! "నాకీ పనంటే ఇష్టం లేదమ్మా, అందుకే రావట్లేదు" అని బావురుమంది.

"ఓసి పిచ్చిమొహమా, నీ ఇష్టం సంగతి కుండకేం తెలుసే! గుడ్డ తగలగానే సన్నగా చుయ్యిమనాలి. అది విను ముందు" అంది వీరాయమ్మ.

మూడోరోజు చెవి అటే పెట్టింది. గట్టిగా చుర్రుమంటే మంట వెనక్కి లాగింది. చప్పుడే లేకపోతే నాలుగాకులు తోసింది. అప్పుడు ఒక రేకు నిండుగా లేచింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత లెక్కే లేదు. "అన్నం తిందువు రావే" అని అమ్మ పిలిస్తే, "అప్పుడే మధ్యాహ్నమైందా!" అని తెల్లబోయింది. పెళ్ళివారికి రేకులు వేళకే వెళ్ళాయి.

నెల తిరిగేదాకా మంగతాయారే రేకులు తీసింది. ఆ తర్వాత వీరాయమ్మ చెయ్యి మానింది. "నా కోసం చాలా కష్టపడ్డావు తల్లీ. ఇంక లే, నీకు నచ్చిన పనేదో వెతుక్కో" అంటూ కుండ దగ్గరికొచ్చింది.

మంగతాయారు లేస్తేగా!

"నువ్వలా పక్కన కూచోమ్మా. ఈ కుండ నాది" అంది.

కథేమో కంచి దారి పట్టింది, మా బుజ్జికేమో నిద్దర పట్టింది.