పిడి లేని తలుపు

"ఇల్లు అందంగా ఉండాలనుకోవడం కూడా మోహమేనా అయ్యగారూ?" అని చలపతి అడిగాడు.

చలపతికి విజయనగరంలో టైల్సూ కుళాయిలూ అమ్మే షాపు ఉంది. అప్పట్లో సొంత ఇల్లు బాగుచేయించుకుంటున్నాడు. ఊళ్ళో ఎవరింట్లోనూ లేని రకం రాళ్ళు, ఎవరూ చూడని రకం దీపాలు తెప్పిస్తున్నాడు. భార్య ఏదో అన్నదట, అది మనసులో గుచ్చుకుని నాగావళి ఒడ్డున ఉన్న కూర్మనాథయ్యగారి ఆశ్రమానికి వచ్చాడు. అయ్యగారికి ఒక అలవాటు ఉంది. అడిగినదానికి అవుననీ కాదనీ చెప్పరు, శ్లోకం ఎత్తరు. తనకు తెలిసినవాళ్ళ ఇంట్లో జరిగినదేదో చెప్పి ఊరుకుంటారు. ఆ పూట అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఆయన చెప్పిన ఉదంతం ఇది.

"హైమవతి అని ఒకామె ఇక్కడికి వస్తూ ఉండేది. ఆమే చెప్పింది నాకు," అని మొదలుపెట్టారు.

హైమవతికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి అంతకుముందే లేడు. పెంచింది అప్ప, అంటే అక్క, సన్యాసమ్మ. ఒళ్ళు ఎదిగీ ఎదగని వయసులోనే సన్యాసమ్మ జనపనార మిల్లులో చేరింది. గోనెగుడ్డ నేసే మగ్గాల దగ్గర పని. ఆ హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అక్కడి ఆడవాళ్ళు ఒకరి పెదాలు ఒకరు చూసుకుని మాట్లాడుకునేవారు. ఏళ్ళు గడిచేసరికి సన్యాసమ్మకు చెవులు పోయాయి, గొంతు పెరిగింది. ఆమె మామూలుగా మాట్లాడితే వీధి చివరికి వినిపించేది.

బడి వదలగానే హైమ నేరుగా మిల్లు గేటు దగ్గరికి వెళ్ళేది. ఊచల ఇవతల నిలబడి, గొంతు బయటికి రాకుండా "ఆకలేస్తోందప్పా" అని పెదాలు కదిపేది. అంత దూరంలో, అంతమంది మధ్య, సన్యాసమ్మ ఆ మాట పట్టుకుని నవ్వేది. కాపలావాడికి కూడా తెలియని మాటలు ఎన్నో ఆ గేటు దాటి పోయేవి, వచ్చేవి. ఆ మిల్లు కూడు తినే హైమ బీఎస్సీ చదివింది, బీఈడీ చదివింది. తనకు సంబంధాలు వచ్చినప్పుడల్లా సన్యాసమ్మ "గుంట సదువైపోనీండి" అనేది. చదువైపోయేసరికి ఆమెను అడిగేవాళ్ళు లేకపోయారు.

హైమ పెళ్ళి చేసుకున్న శశిభూషణ్ విశాఖపట్నంలో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగి. చెడ్డవాడు కాదు. మిల్లు మూతబడ్డాక వదినగారిని మనింటికి తీసుకొద్దామని అన్నది అతనే. హాలు పక్కన గది ఇచ్చాడు. మంచి వినికిడి మిషన్ కొన్నాడు. అది చెవిలో ఈల వేస్తోందని ఆమే తీసి పారేసింది. పెరట్లో కూర్చుని, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. కూరలు తరిగేది. సాయంత్రం హైమ స్కూలు నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏం జరిగిందో ఆమె పెదాల మీద చదువుకునేది.

కొన్నేళ్ళకు శశిభూషణ్‌కు ఇల్లు మార్చాలనిపించింది. హైమకూ అనిపించింది. ఇద్దరూ కూర్చుని రాత్రింబవళ్ళు బొమ్మలు చూశారు. ఒక డిజైనర్‌ను పెట్టుకున్నారు. నల్లరాయి ఒక్క ముక్కను తొలిచి వాష్ బేసిన్ చేయించారు. దాని మీద పిడి లేని కుళాయి. గోడలోంచి వంకీలాగా బయటికి వచ్చి, చెయ్యి పెడితే నీళ్ళు పోస్తుంది. చేపల వలలకు కట్టే పాత గాజు బుడ్లు తెచ్చి వాటిలో దీపాలు పెట్టారు. స్విచ్చులు రాగివి, చేతులు తగిలి తగిలి రంగు మారాలట, అదే వాటి అందమట. రోజుకొక వస్తువు వచ్చేది. దాన్ని విప్పుతున్నప్పుడు హైమకు చిన్నపిల్లలాగా గుండె కొట్టుకునేది. మిల్లు పేటలో రేకుల గదిలో పెరిగిన పిల్ల ఆమె. అందం మీద ఆమెకు ఎంత ఆకలి ఉందో ఆమెకే అప్పటిదాకా తెలియదు.

హాల్లో ఒక గోడకు కాగితమూ రంగూ కాకుండా ఏదో నారబట్ట అంటించారు. లేత గోధుమ రంగులో, గరుగ్గా, చూడటానికి చాలా ఖరీదుగా ఉంది. డిజైనర్ దాని గొప్ప చెబుతూ ఉండగా సన్యాసమ్మ వచ్చి గోడను అరచేత్తో నిమిరింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఒలమ్మ! ఇది మన గోనెగుడ్డ కదేటే! మా మిల్లుదే! గోడకు అంటించినారేటి?" అని వీధంతా వినపడేలా నవ్వింది.

డిజైనర్ కూడా నవ్వింది. శశిభూషణ్ నవ్వలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "రేపు నలుగురూ వచ్చినప్పుడు కూడా ఇలాగే అంటే?" అన్నాడు. హైమ అతని కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

తర్వాతి వారం ఎదుటి గోడ పని మొదలైంది. నేల నుంచి కప్పు దాకా వాల్‌నట్ చెక్క పట్టీలు. సన్యాసమ్మ గది తలుపు ఉన్నది ఆ గోడలోనే. "ఆ తలుపు అసలు కనపడకుండా చెయ్యొచ్చా?" అని శశిభూషణ్ అడిగాడు. చెయ్యొచ్చని డిజైనర్ చెప్పింది. గడప ఉండదు, పిడి ఉండదు, పట్టీలలో పట్టీగా కలిసిపోతుంది, ఒకచోట నొక్కితే తెరుచుకుంటుంది. ఇద్దరూ హైమ వంక చూశారు. ఆమె ఒక్కటే అడిగింది.

"చెక్క ఇంకొంచెం ముదురు రంగులో దొరకదా?"

తలుపు పూర్తయ్యాక సన్యాసమ్మకు అది ఎంతో నచ్చింది. నొక్కి తెరిచి, మూసి, మళ్ళీ నొక్కి తెరిచింది. "మాయలమరాఠీ తలుపులాగుందే," అని మురిసిపోయింది. అది ఎందుకు చేయించారో ఆమెకు తోచలేదు. చెల్లెలి ఇంట్లో అన్నీ వింతగానే ఉన్నాయి, ఇదీ ఒక వింత అనుకుంది.

ఇల్లు చూడటానికి స్నేహితుల్ని, కంపెనీవాళ్ళని ఒక సాయంత్రం పిలిచారు. హైమ మధ్యాహ్నమే అప్ప ఎదుట కూర్చుంది.

"పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారప్పా. నీకు వాళ్ళ మాటలు తెలియవు, విసుగొస్తుంది. గదిలో పడుకో. వాళ్ళు వెళ్ళిపోయాక గోడ మీద కొడతాను. అప్పుడు రా, ఇద్దరం కలిసి తిందాం."

"అలాగేలే. గట్టిగా కొట్టు. సెవులకు రాపోనా సేతికి తెలుస్తాది," అంది సన్యాసమ్మ.

వచ్చినవాళ్ళు రాతి బేసిన్ దగ్గర చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డారు. గాజు బుడ్ల దీపాల కింద ఫొటోలు తీసుకున్నారు. నారబట్ట గోడను వేళ్ళతో తాకి, ఏ దేశం నుంచి తెప్పించారని అడిగారు. హైమ పట్టుచీర కట్టుకుని ట్రే పట్టుకుని తిరుగుతోంది. తన ఇంటిని వాళ్ళ కళ్ళతో చూస్తుంటే ఆమెకు ఒళ్ళు పులకరించింది.

అప్పుడు శశిభూషణ్ వాల్‌నట్ గోడ ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు అతను అన్నీ మరిచిపోయేంత సంతోషంలో ఉన్నాడు.

"ఈ గోడలో ఒక తలుపుంది. ఎక్కడుందో కనిపెట్టండి చూద్దాం!"

పెద్దవాళ్ళంతా పిల్లలైపోయారు. గోడకు చెవులు ఆనించి వేళ్ళతో, పిడికిళ్ళతో తట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఈ కొస నుంచి, ఒకరు ఆ కొస నుంచి. ఇక్కడ బోలుగా ఉందని ఒకామె, కాదు ఇక్కడ అని ఇంకొకాయన. టకటక, దబదబ. వంటింటి గుమ్మంలో ఉన్న హైమకు ఆ చప్పుడు వినపడింది. గోడకు అవతల ఒక అరచెయ్యి ఆనించి ఉందని ఆ ఇంట్లో తెలిసినది ఆమె ఒక్కతికే. రెండడుగులు వేసి ఆపండి అంటే సరిపోయేది. ఏమని చెప్పి ఆపాలో తేల్చుకునేలోపల గోడ తెరుచుకుంది.

సన్యాసమ్మ బయటికి వచ్చింది. వెలిసిపోయిన నేతచీర, రేగిన జుట్టు, చేతిలో సగం చుట్ట. వెలుతురుకు కళ్ళు చికిలించి, పెద్ద గొంతుతో అడిగింది.

"ఎలిపోనారేటే అందరూ? కూకుని కూకుని కాళ్ళు పట్టేసినాయి గుంటా!"

ఎవరో కిసుక్కుమన్నారు. కంపెనీ పెద్దాయన భార్య హైమ వైపు తిరిగి, "ఎవరండీ ఈవిడ?" అంది.

శశిభూషణ్ భార్య వంక చూశాడు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. హైమ గొంతు తగ్గించింది. చెవిటివాళ్ళ ముందు వాళ్ళకు వినపడకూడని మాట చెప్పేటప్పుడు అందరూ తగ్గించినట్టే తగ్గించింది.

"పనావిడ," అంది.

మాట పూర్తవుతుండగానే ఆమెకు తెలిసింది. అప్ప చూపు తన పెదాల మీద ఉంది.

సన్యాసమ్మ చేతిలోని చుట్టను కొంగులో దాచుకుంది. పక్కనున్న బల్ల మీంచి ఖాళీ గ్లాసు ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. హైమ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ విననంత చిన్న గొంతుతో, "అమ్మగారూ, ఇయి కడిగీమంటారా?" అని అడిగింది. చెల్లెలి చేతిలోని ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గది తలుపు తెరిచే ఉంది. వచ్చినవాళ్ళు దాని చుట్టూ మూగారు. కీళ్ళు ఎక్కడున్నాయి? సముద్రపు గాలికి చెక్క ఉబ్బదా? చేసినవాళ్ళ ఫోన్ నంబరు ఇస్తారా? శశిభూషణ్ తలుపును మూస్తూ తెరుస్తూ అన్నిటికీ జవాబులు చెప్పాడు. "పనివాళ్ళకు కూడా హాలు పక్కనే గది ఇచ్చారంటే మీ మనసు గొప్పదండీ," అని కంపెనీ పెద్దాయన భార్య హైమ చెయ్యి నొక్కింది.

అందరూ వెళ్ళాక హైమ గోడ దగ్గరికి వెళ్ళి తట్టింది. గట్టిగా తట్టింది. రెండు చేతులతో బాదింది. చివరికి తానే నొక్కి లోపలికి వెళ్ళింది. సన్యాసమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. హైమ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చేతులు పట్టుకుని, "అప్పా" అనబోయింది.

సన్యాసమ్మ కళ్ళు మూసుకుంది.

చేతులు లాక్కోలేదు. తిట్టలేదు, ఏడవలేదు. కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. హైమ ఎంతసేపు ఏడ్చినా, ఎన్ని మాటలు చెప్పినా, అవి చేరే దారి ఆ రెండు రెప్పల దగ్గర ఆగిపోయింది.

మర్నాడు హైమ లేచేసరికి సన్యాసమ్మ హాలు తుడుస్తోంది. "కాఫీ పెట్టీమంటారా అమ్మగారూ?" అంది, నేల చూస్తూ. ఎగతాళి కాదు, కోపం కాదు. ఆ ఇంట్లో తన చోటు ఏమిటో ఎవరో ఇప్పటికి తేల్చి చెప్పారు, దాని ప్రకారం ఉంటోంది, అంతే. వారం పోయాక శశిభూషణ్, "చూశావా, ఆవిడే సర్దుకుంది. మనం ఊరికే మథనపడ్డాం," అన్నాడు. హైమ వడ్రంగిని పిలిపించి ఆ నునుపైన చెక్కకు బెజ్జాలు వేయించి ఇత్తడి పిడి బిగించింది. భార్యాభర్తలు చాలారోజులు మాట్లాడుకోలేదు. సన్యాసమ్మ మాత్రం గుడ్డతో ఆ పిడి తుడుస్తూ, "బంగారం లాటి గోడ. ఎందుకమ్మగారూ పాడుసేసుకున్నారు?" అంది.

తర్వాత ఆమె కొన్నేళ్ళు బతికింది. హైమ ముఖంలోకి మళ్ళీ చూడలేదు. ఆఖరికి ఆస్పత్రిలో, కాగితం మీద రాసుకోవడానికి నర్సు, "ఈవిడ మీకేమవుతారు?" అని అడిగింది. "మా అప్ప," అంది హైమ. నర్సుకు వినపడింది. వార్డులో అందరికీ వినపడేలా మళ్ళీ అంది. మంచం మీది మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

అయ్యగారు అక్కడితో ఊరుకున్నారు. చలపతి గొంతు సవరించుకున్నాడు.

"అయితే అయ్యగారూ, అలాంటి తలుపు పెట్టించకుండా ఉండాల్సిందంటారా?"

కూర్మనాథయ్యగారు అతని వంక చూశారు.

"ఆ సాయంత్రం వచ్చినవాళ్ళు కూడా తలుపు గురించే అడిగారు నాయనా," అన్నారు.